గడ్డికి మూడు కార్తెల గడువు: మేత పోరంబోకులో కర్బనం లెక్క

ఎండాకాలం ఆఖరున పలమనేరు చుట్టుపక్కల ఏ ఊరి మేత పోరంబోకులోనైనా నడిమధ్య నుంచి ఒక మట్టిగడ్డ పెళ్ళగించి, నీళ్ళు పోసిన గాజు గ్లాసులో మెల్లగా వదిలితే చూస్తుండగానే విచ్చిపోతుంది. అంచుల నుంచి బుడగలు వస్తాయి, పొడిపొడిగా రాలుతుంది, కాసేపటికి గ్లాసు అడుగున ఎర్రటి బురద, పైన ఎర్రనీళ్ళు మిగులుతాయి. అదే పోరంబోకులో ఏ కంపచెట్టు మాటునో, గొర్రె మూతి దూరని చోట ఒక గరిక దుబ్బు ఉంటుంది. దాని వేళ్ళు పట్టుకున్న మట్టిగడ్డను ఇంకో గ్లాసులో వేస్తే అది గడ్డగానే నిలుస్తుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. రెండింటి మధ్య దూరం పది అడుగులు కూడా ఉండదు. రెండు చోట్లా అదే రాయి, అదే వాన, అదే ఎండ. తేడా అంతా మట్టి రేణువులను అంటిపెట్టి ఉంచే జిగురులో ఉంది. వేళ్ళు వదిలిన చక్కెరలు, వాటిని తిని బతికిన సూక్ష్మజీవులు, అవి చచ్చాక మిగిలిన పదార్థం, బూజు దారాలు కలిస్తే ఆ జిగురు. దాని బరువులో దాదాపు సగం కర్బనమే. ఆ కర్బనం ఒకప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్‌గా తిరిగినదే.

మేత భూములను బాగుచేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మట్టిలోకి దించవచ్చన్న మాట చాలా ఏళ్ళుగా ప్రపంచమంతా వినిపిస్తోంది. ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూముల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది కూడా. ఈ మాటలో నిజం ఉంది. ఆ నిజం ఎంత పెద్దదో, చిత్తూరు జిల్లా ఎర్ర నేలలో ఎంతవరకు నిలుస్తుందో లెక్క వేసుకోకుండా దిగితే మాత్రం రెండు విధాలా నష్టం. కాని పనిని అవుతుందని చెప్పి, అది కాలేదని తేలాక అయ్యే పనిని కూడా జనం వదిలేస్తారు. అంతకంటే పెద్ద నష్టం, కర్బనం పేరు చెప్పి ఊరి భూమి ఊరికి దక్కకుండా పోవడం.

ముందు పెద్ద లెక్క. ప్రపంచంలోని నేలల్లో పై మీటరు లోతులో సుమారు 1,500 గిగాటన్నుల సేంద్రియ కర్బనం ఉందని శాస్త్రవేత్తల అంచనా. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. వాతావరణంలో ఇప్పుడు కార్బన్ డయాక్సైడ్ రూపంలో ఉన్న కర్బనం 900 గిగాటన్నులకు దగ్గరగా ఉంటుంది. పరిశ్రమలు రాకముందు గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. అంటే కాళ్ళ కింద ఉన్న నిల్వ, తల మీద ఉన్న నిల్వ కంటే పెద్దది. కాళ్ళ కింది నిల్వ కొద్దిగా కదిలినా పైన తెలుస్తుంది, ఏ వైపు కదిలినా సరే. 2015లో పారిస్ వాతావరణ సదస్సు సమయంలో ఫ్రాన్స్ మొదలుపెట్టిన 'వెయ్యికి నాలుగు' ప్రయత్నం వెనక ఉన్న ఆలోచన ఇదే: నేలల్లోని కర్బనాన్ని ఏటా వెయ్యికి నాలుగు పాళ్ళ చొప్పున పెంచగలిగితే గాలిలో పేరుకునేదాన్ని గణనీయంగా తగ్గించవచ్చని.

ఇక ఎకరా లెక్క. రైతులకు ఇచ్చే భూసార పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం అని ఒక వరుస ఉంటుంది. అక్కడ 0.5 శాతం కంటే తక్కువుంటే తక్కువ, 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం, ఆ పైన ఎక్కువ. ఎర్ర ఇసుక నేలల కార్డుల్లో ఈ అంకె చాలాసార్లు 0.5కి కిందే కనిపిస్తుంది. నత్రజని, భాస్వరం వరుసలు చూసి యూరియా ఎంత వేయాలో, డీఏపీ ఎంత వేయాలో అడిగే రైతు కూడా ఈ వరుస దగ్గర ఆగడు. ఆగాల్సింది అక్కడే.

ఒక ఎకరా విస్తీర్ణం 4,047 చదరపు మీటర్లు. పై 15 సెంటీమీటర్ల మట్టిని తూకం వేయగలిగితే సుమారు 910 టన్నులు తూగుతుంది. అందులో కర్బనం 0.4 శాతం నుంచి 0.6 శాతానికి పెరిగిందనుకుందాం. పెరిగింది 1.8 టన్నుల కర్బనం. ఒక పాలు కర్బనానికి గాలిలో 3.67 పాళ్ళ కార్బన్ డయాక్సైడ్ సమానం కాబట్టి, గాలి నుంచి దిగినది సుమారు 6.7 టన్నులు. ఇది 2,500 లీటర్ల డీజిల్ కాలిస్తే వచ్చే పొగకు సమానం. వినడానికి బాగానే ఉంది. అయితే ఇది ఒక్క ఏడాదిలో జరిగే పని కాదు. నేల కొత్త స్థితికి చేరడానికి 20 ఏళ్ళు పడుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘమైన ఐపీసీసీ లెక్కల పద్ధతిలో పెట్టుకుంటారు. అలా పంచితే ఎకరాకు ఏడాదికి 330 కిలోలు, అంటే 125 లీటర్ల డీజిల్. ఒక ట్రాక్టరు నాలుగైదు రోజులు దున్నితే అయిపోయే డీజిల్ అది.

0.4 నుంచి 0.6 అన్నది గాలిలో వేసిన అంకె కాదు. తీవ్రంగా చెడిపోయిన పచ్చిక నేలలో, చెడిపోని నేలలో ఉండాల్సిన కర్బనంలో 70 శాతమే ఉంటుందని ఐపీసీసీ 2006 మార్గదర్శకాలు లెక్కకు తీసుకుంటాయి. ఆ 70ని మళ్ళీ 100కి చేర్చడం అంటే దాదాపు ఈ పెరుగుదలే. కానీ గుట్ట పోరంబోకుల్లో మట్టి కంటే రాయే ఎక్కువున్న చోట్లు ఉన్నాయి. అక్కడ సగం రాయి తీసేస్తే లెక్క కూడా సగమే. పైగా ఎర్ర ఇసుక నేలలో బంకమట్టి పాలు తక్కువ. కర్బనాన్ని ఏళ్ళ తరబడి గట్టిగా పట్టుకునేది ఆ బంక రేణువులే. నల్లరేగడిలో దాగినంత ఇక్కడ దాగదు, పైగా ఈ ఎండలకు సూక్ష్మజీవులు దాన్ని త్వరగా తినేసి తిరిగి గాలికి వదులుతాయి.

మరి గొర్రెల సంగతి? ఈ ప్రశ్న వేయకుండా మేత భూమి గురించి రాయడం న్యాయం కాదు. నెమరు వేసే జంతువు కడుపులో మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు వేడి పుట్టిస్తుంది, కాకపోతే పన్నెండేళ్ళ పాటే గాలిలో ఉంటుంది. మన లాంటి దేశాల్లో ఒక గొర్రె లేదా మేక ఏడాదికి 5 కిలోల మీథేన్ వదులుతుందని ఐపీసీసీ మార్గదర్శకాలు పెట్టుకున్న అంకె. అంటే ఒక్కో గొర్రెకు 135 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పైన వేసిన ఎకరా లెక్క 330 కిలోలు. కోలుకుంటున్న ఒక ఎకరా గడ్డి నేల రెండున్నర గొర్రెల మీథేన్‌కు సరిపోతుంది, అంతే. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు సుమారు 1.76 కోట్లు, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. గడ్డి పెరిగింది కదా అని మందను రెట్టింపు చేస్తే మట్టిలో దాచిందంతా గాలిలో కలిసినట్టే. గొర్రెల సంఖ్య అలాగే ఉంచి నేల బాగుపడితే మాత్రం ఆ 330 కిలోలూ లాభమే, ఎందుకంటే ఆ గొర్రెలు ముందూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి.

జింబాబ్వేకు చెందిన అల్లన్ సేవరీ 2013లో ఒక టెడ్ ప్రసంగంలో, పశువులను ఒత్తుగా మందలుగా కట్టి కదిలిస్తూ మేపితే ఎడారులు పచ్చబడతాయని, వాతావరణ మార్పునే వెనక్కి తిప్పవచ్చని చెప్పాడు. లక్షల మంది విన్నారు. చాలామంది పర్యావరణ శాస్త్రవేత్తలు అది ఆధారాలకు మించిన మాట అన్నారు. 2017లో ఆక్స్‌ఫర్డ్ కేంద్రంగా పనిచేసిన ఫుడ్ క్లైమేట్ రీసెర్చ్ నెట్‌వర్క్ తన నివేదికలో, మేపు ఎంత చక్కగా నడిపినా మట్టిలో చేరే కర్బనం ఆ మేసే పశువులు వదిలే వాయువుల్లో 20 నుంచి 60 శాతానికే సరిపోతుందని తేల్చింది. అదీ నేల నిండేదాకానే. అయినా సేవరీ మాటల్లో గట్టిగా పట్టుకోవాల్సినది ఒకటుంది: మందకు, గడ్డికి మధ్య ఉండాల్సిన ఎడం. కాలి గిట్టల్లో మహత్యమేమీ లేదు. గడ్డికి దొరికే విరామంలో ఉంది.

ఎందుకో గడ్డిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. తొలకరి పడ్డ వారానికి గరిక, బోద దుబ్బుల మొదట్లో వేలెడు పొడవు పచ్చి ఆకు వస్తుంది. ఆ ఆకు అప్పటికి తన సంపాదన మీద బతకదు. నిరుడు వేళ్ళలో, మొదట్లో దాచుకున్న పిండిపదార్థాన్ని ఖర్చు పెట్టి పైకి వస్తుంది. ఆకు నాలుగైదు ఇంచులు సాగి ఎండను పట్టాకే అప్పు తీరడం మొదలవుతుంది, మిగులు వేరుకు దిగుతుంది. సరిగ్గా ఆ వేలెడు దశలోనే, ఎండాకాలమంతా ఎండుపుల్లలు కొరికిన గొర్రె వచ్చి దాన్ని మొదలంటా కొరుకుతుంది. దుబ్బు మళ్ళీ అప్పు చేసి ఇంకో ఆకు తీస్తుంది. వారానికి అదీ పోతుంది. మూడోసారికి ఇవ్వడానికి వేరు దగ్గర ఏమీ ఉండదు. పైన గడ్డి పొట్టిబడినట్టే కనిపిస్తుంది గానీ, కింద వేరు చచ్చిపోతూ వస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ 1955లో ప్రచురించిన ఫ్రాంక్లిన్ క్రైడర్ ప్రయోగాల్లో, ఆకులో సగం వరకు కోస్తే వేరు పెరుగుదల పెద్దగా ఆగలేదు, 80 శాతం కోస్తే మాత్రం రోజుల తరబడి పూర్తిగా ఆగిపోయింది. సగం మేసి సగం వదిలేయమనే మాట పశుపోషణలో అప్పటి నుంచీ చెల్లుతోంది.

మట్టిలోకి కర్బనం చేరేది ముఖ్యంగా గడ్డి వేరు దారిన. నేల మీద ఎండి రాలిన ఆకులో ఎక్కువ భాగం ఎండకు, చెదలకు పోతుంది. వేరు మాత్రం పెరిగేటప్పుడే చక్కెరలు వదులుతుంది, చచ్చేటప్పుడు చీకట్లో, రేణువుల నడుమ చస్తుంది. అందుకే పచ్చగా కనిపించే గుట్ట అంతా కర్బనం దాచే గుట్ట కాదు. లోపల వేరు ఎంత లోతు దిగిందన్నదే లెక్క. మన గడ్డిజాతులు చాలా వరకు జొన్న, చెరకు లాంటివే, మండే ఎండలో కూడా గాలి నుంచి కర్బనం పట్టగలవు. వాటికి కావాల్సింది కాస్త నీళ్ళు, కాస్త గడువు.

నీళ్ళ లెక్క కూడా చిన్నదేమీ కాదు. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరా మీద పడితే 4,047 లీటర్లు. ఒక మంచి జల్లు 30 మిల్లీమీటర్లు కురిస్తే లక్షా ఇరవై వేల లీటర్లు. గ్లాసులో విచ్చిపోయిన మట్టిగడ్డ లాంటి నేల మీద ఆ వాన పడితే పైపొర కరిగి పేడు కడుతుంది, నీళ్ళు లోపలికి దిగక వంక పడతాయి, పోతూ పోతూ పైమట్టిని, అందులోని కర్బనాన్ని తీసుకుపోతాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వాన తెస్తాయి. ఏటా సగటున 900 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే జిల్లాలో పడమటి మండలాల వాటా తక్కువ. వాన తక్కువ అనే బాధ నిజమే గానీ, పడిన వానను నిలుపుకోలేని నేల బాధ అంతకంటే పెద్దది.

పోరంబోకు ఎందుకు ఇంత బక్కచిక్కిందన్న దానికి గొర్రె మూతి ఒక్కటే కారణం కాదు. ఇంకోటి అంతగా ఎవరూ పట్టించుకోనిది ఉంది. మంద పగలంతా పోరంబోకులో మేస్తుంది. రాత్రి ఎవరి పొలంలోనో మంద పెట్టించుకుంటారు, పెంటికలు, మూత్రం ఆ చేనికి ఎరువు. కాపరికి డబ్బులో గింజలో దక్కుతాయి. ఇది చక్కటి ఏర్పాటు, ఎన్నో చేలను యూరియా లేని కాలంలో పోషించింది ఇదే. కానీ తరాల తరబడి పోరంబోకు నుంచి పట్టా భూమికి బలం మోసుకుపోవడమే జరిగింది, తిరిగి వచ్చిందేమీ లేదు. మట్టిలో కర్బనం నిలవాలంటే దానికి తోడుగా నత్రజని కావాలి, పది పన్నెండు పాళ్ళ కర్బనానికి ఒక పాలు చొప్పున. ఎకరాకు 1.8 టన్నుల కర్బనం చేరాలంటే 150 కిలోలకు పైగా నత్రజని, అంటే ఏడెనిమిది బస్తాల యూరియాలో ఉండేంత. పోరంబోకుకు యూరియా ఎవరూ చల్లరు, చల్లకూడదు కూడా, దాని నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కంటే 270 రెట్లకు పైగా వేడి పుట్టిస్తుంది. కాబట్టి ఆ నత్రజని పప్పుజాతి మేత మొక్కల నుంచి రావాలి, ఏడాదిలో కొన్ని రాత్రులు మందను పోరంబోకులోనే కట్టడం ద్వారా రావాలి. స్టైలో హెమటా లాంటి పప్పుజాతి మేత ఎర్ర నేలలో బాగానే వస్తుంది. గింజ పెంకు గట్టిది కాబట్టి వేడినీళ్ళలో కొద్ది నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి చల్లుతారు.

అసలు పోరంబోకు అనే మాటే చూడండి. తమిళం నుంచి వచ్చిన రెవెన్యూ మాట, శిస్తు లెక్కకు బయట పెట్టిన భూమి అని అర్థం. పన్ను రాని నేల కాబట్టి పనికిరాని నేల అయింది, చివరికి మనిషిని తిట్టే మాటగా కూడా మారింది. ఊరంతటికీ చెందిన నేల పేరు తిట్టు కావడం కంటే బాధాకరమైనది ఇంకేముంటుంది? అడంగల్‌లో మేత పోరంబోకు, గుట్ట పోరంబోకు, వంక పోరంబోకు అని రాసి ఉన్న సర్వే నంబర్లు నేల మీదికి వెళ్ళి చూస్తే చాలాచోట్ల సగం కూడా లేవు. కొంత ప్రభుత్వం భూమి లేనివాళ్ళకు ఇచ్చే డీకేటీ పట్టాలకు పోయింది, కొంత ఇళ్ళ స్థలాలకు, క్వారీలకు, కొంత పక్క చేనివాళ్ళు ఏడాదికో చాలు చొప్పున కలుపుకున్నారు. భూమి లేనివాళ్ళకు పట్టా ఇవ్వడం తప్పు కాదు. కానీ ఆ భూమి లేనివాళ్ళ మేకలే పోరంబోకు మీద బతికేవి. 1994 పంచాయతీరాజ్ చట్టం మేత పోరంబోకులను గ్రామ పంచాయతీకి దఖలు చేసింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి తిరిగి ఊరికి అప్పగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చట్టం లేక ఆగిన పని కాదిది.

ఇంకో మార్పు మెల్లగా వచ్చింది. వేరుశనగ చేలు ఉన్నప్పుడు కాయ పీకాక చేను మందకు తెరిచి ఉండేది. వేరుశనగ గిట్టుబాటు కాక తోతాపురి మామిడి తోటలు పెరిగాయి, తోట చుట్టూ ఇనుప కంచె వచ్చింది. ఒకప్పుడు కొన్ని నెలలు చేలలో తిరిగిన మంద ఇప్పుడు ఏడాది పొడవునా మిగిలిన ఆ కాస్త పోరంబోకు మీదే పడుతోంది. కాపరిని తప్పుపట్టే ముందు ఈ కంచెలను లెక్కపెట్టాలి.

బాగుచేయడం అనగానే చాలామందికి గుర్తొచ్చేది మొక్కలు నాటడం. ప్రభుత్వ లెక్కలు కూడా అటే నడిపిస్తాయి. 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను అడవులు, చెట్ల ద్వారా పట్టి ఉంచుతామని మన దేశం పారిస్ ఒప్పందంలో మాట ఇచ్చింది. అందులో గడ్డి ప్రస్తావన లేదు. ఉపగ్రహం నుంచి చూస్తే గడ్డి నేల బీడుగా కనిపిస్తుంది, బంజరు జాబితాలో చేరుతుంది, గుంతలు తీసి మొక్కలు పెడతారు. రాతి గుట్ట మీద, తక్కువ వానలో ఆ మొక్కల్లో ఎన్ని బతుకుతాయో రెండో ఎండాకాలానికే తెలిసిపోతుంది. చెట్టు వద్దని కాదు. సీకిరేణి, తంగేడు, వేప లాంటివి గడ్డి మధ్యన అక్కడొకటి అక్కడొకటి ఉండటం మన పచ్చికకు సహజం. గడ్డిని పెళ్ళగించి వరసగా చెట్లు పెట్టడమే తప్పు. నిప్పు సంగతి కూడా ఉంది. 2014 మార్చిలో శేషాచలం అడవిలో మంటలు లేచినప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది. చెట్టులో దాచిన కర్బనం నేల మీద ఉంటుంది, మంటకు అందుతుంది. గడ్డి దాచినది చాలావరకు నేల కింద ఉంటుంది, పైన కాలినా లోపలిది నిలుస్తుంది. కరువు, మంటలు పెరిగే కాలంలో చెట్ల కంటే పచ్చిక నమ్మకమైన నిల్వ కావచ్చని 2018లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు తమ రాష్ట్రం గురించి చెప్పింది మన గుట్టలకూ ఆలోచించదగ్గదే. అలాగని కొత్త చిగురు కోసం ఏటా గుట్టకు నిప్పు పెట్టడం మంచి అలవాటు కాదు. లేత మొలకలు పోతాయి, బూడిద మొదటి వానకే వంకలో కలుస్తుంది.

ఇక సర్కారు తుమ్మ. 1870ల దశకంలో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటిన ఈ చెట్టు ఇప్పుడు ఎక్కడ లేదు? దాని కాయలు గొర్రె ఇష్టంగా తింటుంది, గింజ అరగదు, పెంటికతో పాటు పోరంబోకంతా నాటుకుంటుంది. గుబురు కింద గడ్డి మొలవదు. దాన్ని తీసి గడ్డికి చోటివ్వాలి, సందేహం లేదు. కానీ తీసిన ఏడాది కర్బనం లెక్కలో నష్టమే చూపిస్తుంది, కొట్టిన కట్టె బొగ్గై పొగై గాలిలోకే పోతుంది కాబట్టి. మొదలంటా వేరుతో తీయకుండా పైపైన కొట్టేస్తే ఒకటికి పది పిలకలు వేస్తుంది, అప్పుడు ఖర్చూ నష్టం, పనీ నష్టం.

చేయాల్సిన పని జనానికి తెలియనిది కాదు. ఉపాధి పనుల్లో గుట్ట వాలుకు అడ్డంగా కందకాలు తీయడం, వంకల్లో రాళ్ళ కట్టలు వేయడం ఈ జిల్లా కూలీలకు చేతికి వచ్చిన పనే. కందకం తీసిన మట్టిని కింది వైపు కట్టగా పోసి, ఆ కట్ట మీద తొలకరికి ముందు అంజన్ గడ్డి, స్టైలో గింజ చల్లితే తేమ అక్కడే ఉంటుంది కాబట్టి మొదట అక్కడే పట్టుకుంటుంది. తర్వాత గింజ రాలి కిందికి పాకుతుంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టూ ఉన్న గుట్టలు ఒకప్పుడు బోడిగా ఉండేవి. కాపలా, నీటి నిల్వ పనులు, ఏళ్ళ ఓపిక కలిసి అవి పచ్చబడ్డాయి, 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ లాంటి సంస్థలు పడమటి మండలాల్లో ఊరి సంఘాలతో ఉమ్మడి భూముల మీద చాలా కాలంగా పనిచేస్తున్నాయి. ఒక పెద్ద ఆవరణకు కాపలా పెట్టడం కంటే ఊరి సంఘాన్ని ఒప్పించడం కష్టమైన పని. అయినా పోరంబోకుకు సరిపడేది రెండోదే.

ఈ మధ్య కార్బన్ క్రెడిట్ల మాట, అంటే గాలి నుంచి దించిన కార్బన్ డయాక్సైడ్‌ను టన్నుల లెక్కన అమ్ముకునే మాట, పల్లెలకూ వస్తోంది. మన దేశం 2023 జూన్‌లో కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకాన్ని నోటిఫై చేసింది. విదేశీ స్వచ్ఛంద మార్కెట్లు అంతకు ముందే ఉన్నాయి. లెక్క మళ్ళీ ఎకరా దగ్గరికే తేవాలి. టన్నుకు వెయ్యి రూపాయలు వచ్చిందనుకున్నా, ఎకరాకు ఏడాదికి 330 రూపాయలు. నూరు ఎకరాల పోరంబోకుకు 33 వేలు. మట్టి తీసి పరీక్ష చేయించి, బయటి తనిఖీదారుకు ఫీజు కట్టి, మధ్యవర్తి వాటా పోగా ఊరికి ఏం మిగులుతుంది? అదే ఎకరాకు ఏటా అర టన్ను ఎండుగడ్డి అదనంగా వస్తే దాని విలువ ఎంతో, ఎండాకాలంలో ట్రాక్టరు వరిగడ్డి ధర తెలిసిన పాడి రైతును అడిగితే చెబుతాడు. ఉత్తర కెన్యాలో 2013 నుంచి దాదాపు 47 లక్షల ఎకరాల మేత భూమి మీద ఒక కార్బన్ ప్రాజెక్టు నడిచింది. పశుపోషకుల సంప్రదాయ వలసలను అది దెబ్బతీస్తోందని, వాళ్ళ సమ్మతి సరిగా తీసుకోలేదని ఆదివాసుల హక్కుల సంస్థ సర్వైవల్ ఇంటర్నేషనల్ 2023లో విమర్శించింది, క్రెడిట్లు జారీచేసే వెర్రా సంస్థ దాన్ని సమీక్షకు పెట్టింది. దశాబ్దాల పాటు ఎవరు ఎక్కడ మేపాలో కాగితం మీద రాసి సంతకం చేసే ముందు, ఆ కాగితం తెలుగులో ఊరి గ్రామసభ ముందు చదివించుకోవాలి.

క్రెడిట్ అమ్మకపోయినా కొలత మాత్రం అవసరం, తాము చేస్తున్నది పనిచేస్తోందో లేదో ఊరికే తెలియాలి కాబట్టి. ఎండాకాలంలో పది పన్నెండు చోట్ల గుంత తీసి, 0 నుంచి 15, 15 నుంచి 30 సెంటీమీటర్ల మట్టిని వేరువేరుగా పరీక్షకు పంపి, ఆ చోట్లను రాయి పాతి గుర్తు పెట్టుకోవాలి. ఐదేళ్ళకు అదే నెలలో, అదే చోట, అదే పద్ధతి పరీక్ష. పద్ధతి మారితే అంకె మారుతుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే వాక్లీ-బ్లాక్ పద్ధతి 1934 నాటిది, అది మట్టిలోని కర్బనంలో సుమారు నాలుగింట మూడు వంతులనే పట్టుకుని మిగతాది గుణకంతో సరిచేస్తుంది. తొక్కుడు తగ్గిన నేల గుల్లబారుతుంది, అదే లోతులో బరువు తగ్గుతుంది, అందుకే శాతంతో పాటు మట్టి బరువు కూడా చూడాలి. రెండేళ్ళకే పెద్ద తేడా చూపించే నివేదిక ఎవరైనా తెస్తే అనుమానించడం మంచిది. అంతదాకా ఊరికి గ్లాసు నీళ్ళ పరీక్ష చాలు.

చివరికి అంతా ఒక ప్రశ్న దగ్గర ఆగుతుంది, కాపరి అడిగే ప్రశ్న దగ్గర. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, ఈ మూడు కార్తెలు, అంటే జూన్ రెండో వారం నుంచి జూలై మూడో వారం వరకు సుమారు నలభై రోజులు పోరంబోకులోకి మందను వదలకపోతే గడ్డి వేరు అప్పు తీర్చుకుని నిలదొక్కుకుంటుంది. ఆ నలభై రోజులూ గొర్రెలు ఏం తినాలి? ఎండాకాలం కష్టం గట్టెక్కించి, ఈనిన గొర్రెలతో, పాలు చాలని పిల్లలతో ఉన్న మనిషికి 'కాస్త ఆగు' అని చెప్పడానికి నోరు రాదు. జవాబు ముక్కలు ముక్కలుగా ఉంది. పోరంబోకును రెండు భాగాలు చేసి, ఒక ఏడు తూర్పు సగం, మరుసటి ఏడు పడమటి సగం మూయవచ్చు. చెరువు లోపలి గరిక తొలకరికి పచ్చబడి ఉంటుంది, నీళ్ళు చేరేలోపు అది మేతే. తోతాపురి కోత జూలైలో సాగుతుంటుంది. కాయ దిగిన తోటల్లో కలుపు గడ్డి కోసుకునేందుకో, కాపలాతో మేపుకునేందుకో తోటవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళకు దున్నకం ఖర్చు తగ్గుతుంది, చెట్టు మొదట్లో పెంటికలు మిగులుతాయి. గట్ల మీద అవిశ, సుబాబుల్ మండలు కొంత. ఇవన్నీ కలిపినా లోటు మిగిలితే, ఆ లోటుకు సరిపడా మేత కొనిచ్చే బాధ్యత పంచాయతీ పెట్టుకోవాలి, ఎందుకంటే నిలిచిన నీళ్ళు బోరు ఉన్న రైతుకూ అందుతాయి గానీ మందను ఆపినందుకు నష్టం ఒక్క కాపరిదే.

మూసిన సగం పోరంబోకును పునర్వసు పోయాక గొర్రెలకు తెరవవచ్చు, సగం ఆకు మిగిలేటట్టు. గింజ రాలాక, దీపావళి దాటాక, మిగిలిన గడ్డిని కొడవలితో కోసుకుని మోపులు కట్టుకుపోనివ్వాలి. మొదటి మోపులు గొర్రెలున్నవాళ్ళకు, మేకలున్నవాళ్ళకు, ఒక్క ఆవును నమ్ముకున్న ఇళ్ళకు. వచ్చే మృగశిరకు వాళ్ళ దగ్గర వామి ఉంటే, మంద మూడు కార్తెలు ఆగుతుంది.